సమస్య: “పోరులో నోడ కోటమిఁ బొందె జట్టు” – పూరణలు, పరిశీలన

తేటగీతి చివరి పాదం ఇది:

పోరులో నోడ కోటమిఁ బొందె జట్టు

సమస్య ఇచ్చినవారు, అనంతపురం: మొన్న సాయంత్రం మా ఊరి మైదానంలో పిల్లల ఫుట్‌బాల్ ఆట సమంగా ముగిసి, ఒక్కొక్కరుగా గోలుకు తన్ని గెలుపు తేల్చే పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లింది. సున్నపు చుక్క చెరిగిపోయినందున ఒక పిల్లవాడు ఎర్రమట్టిలో మడమతో చిన్న గుంట చేసి, బంతిని రెండుసార్లు తిప్పి పెట్టి తన్నాడు. గోలుకీపరు దాన్ని ఆపగానే వాడు ఆ గుంట పక్కనే కూర్చుండిపోయాడు. ఈ పాదం అప్పుడే తట్టింది. పూరణకు వస్తువు మాత్రం పై శ్రేణికి చేర్చే ప్లేఆఫ్ ఫైనలే కావాలి. ఓడకుండానే ఓటమి ఎలా కలిగిందో పద్యంలోనే తెలియాలి.

గుత్తి మిత్రులు:

తే.గీ. పురిని పెరుగు బిడ్డడె మూడు పోట్లు పొడువ,
నాల్గు నాల్గయి సమముగా నడిచి, తుదకుఁ
దన్నులాటలో నేడవ తన్ను తప్పి
పోరులో నోడ కోటమిఁ బొందె జట్టు.

వివరణ: ఇది 1998 మే 25న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో చార్ల్టన్, సండర్లాండ్ అనే ఇంగ్లండు జట్ల మధ్య జరిగిన ఫైనల్. చార్ల్టన్‌కు మూడు గోల్స్ చేసిన క్లైవ్ మెండోన్సా సండర్లాండ్‌లోనే పెరిగి, చిన్ననాట ఆ జట్టునే అభిమానించినవాడు. ఆట 4–4తో ముగిసింది. షూటౌట్‌లో 7–6తో గెలిచి చార్ల్టన్ పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌కు చేరింది. తప్పిన ఆ ఏడవ తన్ను సండర్లాండ్ ఆటగాడు మైకేల్ గ్రేది. అతడూ ఆ ఊరివాడే.

పరిశీలన (సమస్య ఇచ్చినవారిది): మొదటి పాదం చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. “పు”కు “పో”తో యతి చక్కగా కుదరడమే కాక, “పోట్లు” అన్న మాటతో పెంచిన ఊరి గుండెలో దిగిన నొప్పి కూడా వినిపిస్తోంది. అయితే అయ్యా, “తన్నులాట” అనగానే మన సీమలో దొమ్మీయే గుర్తుకు వస్తుంది. ఒక్కొక్కరుగా, నిశ్శబ్దంగా నడిచి వెళ్లి చేసే పనికి ఆ మాట తగదు. “దన్ను వరుసలో నేడవ తన్ను తప్పి” అంటే గణమూ చెడదు, అర్థమూ నిలుస్తుంది. ఆ ఏడు సండర్లాండ్ 90 పాయింట్లతో మూడవ స్థానంలో, చార్ల్టన్ 88తో నాల్గవ స్థానంలో ఉన్నాయి. ఏడాది పొడవునా ముందు నడిచిన జట్టు ఒక్క తన్నుతో వెనకబడిన ఆ బాధకు కూడా పద్యంలో చోటు దొరికి ఉంటే ఇంకా బాగుండేది.

ఉరవకొండ సోదరులు:

తే.గీ. ఒకటి కొకటిగా గంటల నోర్చి నిలిచి,
కట్టకడపటి బిడ్డ తాఁ గాలఁ దన్న
బంతి కడ్డీకి పైపైన దూసిపోయి
పోరులో నోడ కోటమిఁ బొందె జట్టు.

పరిశీలన: 2023 మే 27న లూటన్, కోవెంట్రీ జట్లు 1–1తో సమంగా నిలిచి, షూటౌట్‌లో 6–5తో లూటన్ గెలిచిన ఆటే ఇది. మూడవ పాదంలో “బం”కు “దూ”తో యతి కుదరదు. “బంతి కడ్డీకి పైనుండి పాఱిపోయి” అని దిద్దుకోవచ్చు. బంతిని పైకి కొట్టిన ఫాంకటీ డాబోను నిందించకుండా “బిడ్డ” అన్నారు చూడండి, ఆ ఒక్క మాటకు నా నమస్కారం.

హిందూపురం ఉపాధ్యాయిని:

తే.గీ. ఆట ముగిసిన పిదపనే యైదు తన్ను
లనుచు నియమము పలుకఁగా నాట సమమె;
తదుపరి పరీక్ష దాఁటక తలను వంచి
పోరులో నోడ కోటమిఁ బొందె జట్టు.

పరిశీలన: అమ్మా, సమస్యలోని విరోధాన్ని మీరు కల్పనతో కాక ఆట నియమంతోనే విడదీశారు. ఫుట్‌బాల్ నియమాలలో పదవది ఈ తన్నులు ఆట ముగిసిన తరువాతే జరుగుతాయని స్పష్టంగా చెబుతుంది కనుక, వాటిలో పడిన గోల్స్ ఆట లెక్కలో చేరవు. సండర్లాండ్ ఆడిన ఆట ఈనాటికీ 4–4గానే ఉంది. అంటే నేను చిక్కుముడి అనుకుని ఇచ్చిన పాదం ఉన్నదున్నట్టుగా నిజమే. మిగిలిన రెండు పూరణలు ఎలా ఓడారో చెప్పాయి. ఓడలేదని నిరూపించింది మాత్రం ఇదొక్కటే. ఈ వారం నా మనసు దీనివైపే మొగ్గుతోంది.

గుత్తి మిత్రులు: “దన్ను వరుసలో” అన్న సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. ఉపాధ్యాయిని గారికి ఒక మనవి. ఐదేసి తన్నుల తరువాత కూడా సమమైతే, తేడా వచ్చే వరకు చెరొకటి చొప్పున తన్నుతూ పోవాలి. నేను చెప్పిన ఫైనల్ ఏడవ తన్నుకు, ఉరవకొండ వారిది ఆరవ తన్నుకు తేలాయి. “ఐదు” అంటే ఈ రెండు ఆటలూ మీ పద్యం బయటే ఉండిపోతాయి.

హిందూపురం ఉపాధ్యాయిని: నిజమేనండీ, ఆ లెక్క నాకు తట్టలేదు. ఒక్క మాట మారిస్తే చాలు, అకార యతి కూడా చెడదు:

ఆట ముగిసిన పిదపనే యన్ని తన్ను
లనుచు నియమము పలుకఁగా నాట సమమె;