‘తుది నలోకంబగు’: హ్రస్వమా, దీర్ఘమా?

రాజాజీనగరం నుండి:
2006లో మొదలైన బెంగళూరు అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో వాలంటీరుగా పనిచేసినప్పుడు, ఓరియన్ మాల్‌లోని ఒక హాలు తలుపు దగ్గర పాసులు చూసి ప్రేక్షకులను లోపలికి పంపే బాధ్యత నాకు అప్పగించారు. దీపాలు ఆర్పిన తరువాత బొమ్మ పడేలోపు ఉండే చీకటిలో, ఆలస్యంగా వచ్చినవారికి టార్చిలైటుతో మెట్లు చూపిస్తుండగా, నా పక్కనున్న తెలుగు వాలంటీరు పోతన భాగవతంలో గజేంద్రుని స్తుతిలోని కందాన్ని మెల్లగా అందుకున్నారు. ‘తుది నాలోకంబగు పెంజీకటి’ అని ఆవిడ దీర్ఘం తీశారు. ఆలోకమంటే వెలుగు కనుక, వెలుగే పెంజీకటిగా మారిన స్థితిని పోతన చెబుతున్నాడని ఆవిడ అభిప్రాయం. నేను చిన్నప్పటినుండి ‘లోకంబులు లోకేశులు / లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్’ అని, ‘నలోకంబగు’ అనే చదువుకున్నాను. దీర్ఘానికి ఆధారం ఉన్నదా? హ్రస్వమే సరైనదైతే, అలోకమంటే లోకాలు లేకపోవడమా, కంటికి కనబడకపోవడమా?

మల్లేశ్వరం నుండి:
దీర్ఘానికి ఛందస్సు ఒప్పుకోదు. కందంలో ఆరవ గణం నలము (నాలుగు లఘువులు) గానీ జగణము (లఘువు, గురువు, లఘువు) గానీ కావాలి. ‘లోకస్‌, స్థులు తెగి, న తుది న’ అని విడదీస్తే ఆరవచోట నలం చక్కగా నిలుస్తుంది. ‘నా’ అంటే ఒక మాత్ర పెరిగి గణం చెడుతుంది. పాడేటప్పుడు రాగంకోసం అక్షరాన్ని సాగదీయడం వేరు, పాఠాన్ని మార్చడం వేరు.

జయనగరం నుండి:
గణం లెక్కతో అక్షరం తేలుతుంది కానీ అర్థం తేలదు. మూలమైన సంస్కృత భాగవతంలో ‘తమస్తదాసీద్గహనం గభీరం యస్తస్య పారేఽభివిరాజతే విభుః’ అని ఉన్నది. ‘తమస్సు’కు పెంజీకటి, ‘పారే’కు అవ్వల అని సరిపోయాక, ‘గహనం గభీరం’ (చొరరానిది, లోతైనది) అన్న విశేషణాల స్థానంలో మిగిలినది ‘అలోకంబగు’ ఒక్కటే. లోక్ ధాతువుకు చూడడమనే అర్థం ఉన్నది కాబట్టి, చూపు చొరలేని చీకటి అని చెప్పుకోవడమే మూలానికి దగ్గర.

మల్లేశ్వరం నుండి:
లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని మూడుసార్లు జగత్తు అనే అర్థంలోనే వాడిన కవి, నాలుగోసారి అదే శబ్దాన్ని చూపు అనే అర్థంలోకి తిప్పుతాడని నేను ఒప్పుకోలేను. మూలంలో ‘లోకేషు పాలేషు చ సర్వహేతుషు’ అని ఉండగా, ‘సర్వహేతుషు’ (అన్ని కారణాలూ) అన్నదాన్ని వదిలి ‘లోకస్థులు’ అని తెచ్చుకున్నదే ఈ వరుస కోసం. మూడింటినీ నిలబెట్టి, ఒక్క ‘అ’కారంతో మూడింటినీ తుడిచివేశాడు. అందుకే లోకాలు లేని చీకటి అన్న అర్థమే సరి.

చెన్నై, మాంబళం నుండి:
మీ ఇద్దరూ ‘అవ్వల’ను పట్టించుకోవడం లేదు. నేను మా ఊరి చిత్రోత్సవంలో తలుపు దగ్గర నిలబడి ఎన్నో ప్రదర్శనలు చూశాను. హాలులో వెలుగు తెరమీద కనబడినా, పుట్టేది మన వెనుకనున్న ప్రొజెక్టరులో. పోతన చెప్పిన వెలుగు చీకటికి అవతల, దేనిమీదా పడకుండా, తనంత తాను వెలిగేది. కనుక సినిమా హాలు చీకటిని ఈ పద్యంతో పోల్చడం నాకు నచ్చలేదు. పోలిక కావాలనుకుంటే దాని తరువాతి కందాన్ని చూడండి: ‘నర్తకుని భంగిఁ బెక్కగు మూర్తులతో నెవ్వఁడాడు’. తెరమీద ఒకే నటుడు అనేక వేషాల్లో కనబడడాన్ని గుర్తుచేసే పద్యం అది. ఈ రెండింటినీ విడదీసి చదవడం వల్లనే మన బడుల్లో పిల్లలకు పోతన సగమే అందుతున్నాడని నా బాధ.

జయనగరం నుండి:
మాంబళం అమ్మగారి మాటకు బలం చేకూర్చే విషయం మూలంలోనే ఉన్నది. తరువాతి శ్లోకంలో ‘యథా నటస్యాకృతిభిః’, అంటే నటుడు తన ఆకృతులతో ఆడినట్లు, అని ఉన్నది. కానీ మన కందానికి మూలమైన శ్లోకంలో ‘విభుః’ (ప్రభువు) అనే తప్ప ఆకృతి ప్రసక్తి లేదు. పోతన ఆ ‘ఆకృతి’ని ఒక పద్యం ముందుకు తెచ్చి ‘ఏకాకృతి’గా నిలిపి, వెంటనే ‘పెక్కగు మూర్తుల’ను ఎదురుగా పెట్టాడని నా ఊహ. ఏకం ముందు, అనేకం తరువాత. అనువాదంలో ఇంతటి కూర్పు చేయగల కవి నాకు మరొకడు కనబడడు.

యలహంక నుండి:
ఊహ బాగున్నది కానీ, చివరి పాదాన్ని ఎవరూ విడదీయలేదు. ‘అతని నే సేవింతున్’లో ‘నే’ అన్నది నేను కాదు, ‘అతనిన్ + ఏ’; ఈ ‘ఏ’ అంటే ‘ఏను’. అలా చూస్తే ‘ఏకాకృతి’లోని ఏకారంతో స్వరయతి (అచ్చుకు అచ్చు సరిపోయే యతి) సహజంగా కుదురుతుంది. చాలా పుస్తకాల్లో ‘నే’ను విడిగా అచ్చు వేయడం వల్ల పాఠకులు పొరబడుతున్నారు.

మల్లేశ్వరం నుండి:
ఏను, నేను రెండూ ఉత్తమపురుషే కనుక దానివల్ల భావం మారదు.

యలహంక నుండి:
భావం మారకపోవచ్చు, అయ్యా. కానీ యతిస్థానంలో ఏ అచ్చు నిలిచిందో తెలియకుండా పద్యం వచ్చునని ఎలా అనగలం?

రాజాజీనగరం నుండి:
హ్రస్వమేనని ఆవిడకు గణాలతో సహా రాసి పంపాను, ఒప్పుకున్నారు. ‘ఏకాకృతి’ ముచ్చట కూడా చెప్పాను. అయితే ఆవిడ ఇప్పుడు నన్ను అడుగుతున్నది నా రెండవ ప్రశ్నే: లోకాలు లేని చీకటా, చూపు అందని చీకటా? మల్లేశ్వరం, జయనగరం పెద్దలు ఒక మాట మీదికి వస్తే అదే చెబుతాను.