పీటర్ జెఫర్సన్ పటం: 1751దా, 1753దా? కొలిచింది ఎంత?

(పాతపటాలు, రాగిరేకు, గొలుసులెక్క అనే మారుపేర్లతో ముగ్గురి సంభాషణ.)

పాతపటాలు: అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తండ్రి పీటర్ జెఫర్సన్ (1708–1757) వర్జీనియాలో పొగాకు ఎస్టేటు యజమాని, సర్వేయరు. మరో సర్వేయరు జాషువా ఫ్రైతో కలిసి గీసిన వర్జీనియా పటం మీద 1751 అని ఉంది, కేటలాగుల్లో మాత్రం 1753 అంటారు. ఎందుకు? ఇంకొకటి, ఆ అడవులన్నీ గొలుసు పట్టి కొలిచారా?

రాగిరేకు: 1751 చేతిప్రతి తయారైన ఏడాది. లండన్‌లో థామస్ జెఫరీస్ దాన్ని నాలుగు షీట్లుగా అచ్చేసింది 1753లో. (జెఫరీస్ వేరు, జెఫర్సన్ వేరు. ఈ తికమక చాలామందికి ఉంది.) 1755లో జాన్ డాల్రింపుల్ ఇచ్చిన వివరాలతో రోడ్లు చేర్చారు, శీర్షికలో 1751 అలాగే ఉంచేశారు. కాబట్టి శీర్షికలోని ఏడాది చూసి కాదు, రోడ్లు చూసి ఏ ముద్రణో పోల్చుకోవాలి.

గొలుసులెక్క: అన్నీ కొలవలేదు. కొలిచినవి ముఖ్యంగా సరిహద్దు గీతలు: 1746లో ఫెయిర్‌ఫాక్స్ గీత (ఫెయిర్‌ఫాక్స్ ప్రభువు భూముల హద్దు), సుమారు 76 మైళ్లు, 1749లో ఉత్తర కరోలినా సరిహద్దు పొడిగింపు, 90 మైళ్లు. మిగతాది పాత పటాల నుంచీ, ఇతరుల సర్వేల నుంచీ కూర్చిందే. అయితే ఫెయిర్‌ఫాక్స్ గీత వాయవ్యంగా, కొండ వరసలకు అడ్డంగా పోతుంది. వరసలన్నీ ఒకదాని తర్వాత ఒకటి దాటాల్సి వచ్చింది. అలెగెనీ కొండలు సమాంతర వరసలుగా ఈ పటంలో సరిగ్గా కనిపించడానికి అదొక కారణమని నా అభిప్రాయం.

సర్వేయర్లు వాడిన గంటర్ గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. గొలుసును మట్టసంగా పట్టాలి. 10 డిగ్రీల వాలు మీద నేలకు ఆనించి లాగితే గొలుసుకు ఒక అడుగు, మైలుకు 80 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. లింకులు అరిగి గొలుసు సాగితే దీనికి తిరగబడి, లెక్క తక్కువ వస్తుంది. దిక్సూచి ఇంకా ప్రమాదం: ఒక్క డిగ్రీ తేడా ఉంటే మైలుకు 92 అడుగులు పక్కకు పోతాం. అదే తప్పుతో 90 మైళ్లు నడిస్తే మైలున్నర దాటుతుంది.

పాతపటాలు: పొగాకు యజమానికి ఈ కష్టం దేనికి?

రాగిరేకు: పొగాకు మూడు నాలుగేళ్లలో నేలను పీల్చేస్తుంది, కొత్త భూమి కావాలి. మంచి భూమి ఎక్కడుందో సర్వేయరుకే ముందు తెలుస్తుంది. చనిపోయేనాటికి ఆయనకు వేల ఎకరాలు, 60 మందికి పైగా బానిసలు. ఎస్టేటు నడిచింది వాళ్ల చాకిరీ మీదే, పటం మీద కాదు.