తాళం తీసినా ఆగని ఇంజిన్: 1983 మెర్సిడెస్ 240డి, సలహా కావాలి

గుంటూరు_240డి:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది 1983 నాటి 240డి, డబ్ల్యూ123 బాడీ, నాలుగు గేర్ల మాన్యువల్. మా మేనమామ ఇంగ్లండులో డాక్టరుగా చేసి, తిరిగొచ్చేటప్పుడు ఓడలో వేయించి తెచ్చుకున్న బండి. అందుకే స్టీరింగ్ కుడివైపే ఉంది. ఆయన పోయాక మూడేళ్ళు షెడ్డులోనే ఉంది. "అమ్మడానికి నాకు చేతులు రావట్లేదు, నువ్వే చూసుకోరా" అని అత్తయ్య తాళాలు నా చేతిలో పెట్టింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ వెనక సీట్లోనే బాపట్ల బీచికి వెళ్ళేవాళ్ళం. దీన్ని మళ్ళీ రోడ్డు మీద తిప్పాలని నాకు చాలా కోరికగా ఉంది.

బ్యాటరీ, ఆయిల్, రెండు డీజిల్ ఫిల్టర్లు, టైర్లు మార్చాను. ట్యాంకు ఖాళీ చేసి కొత్త డీజిల్ పోశాను. బండి నడుస్తోంది. కానీ తాళం తిప్పి తీసేసినా ఇంజిన్ ఆగదు. మొదట్లో పది సెకన్లు ఆడి ఆగేది, ఇప్పుడు అసలు ఆగట్లేదు. నాలుగో గేర్ వేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని, క్లచ్ వదిలి ఆపుతున్నాను. ఆపిన ప్రతిసారీ బండి మొత్తం ఒక్క కుదుపు కుదుపుతుంది. నా గుండె కూడా.

ఇంకోటి, పొద్దున మొదటి స్టార్ట్. పదిహేను, ఇరవై సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. తర్వాత తెల్లటి పొగ, పచ్చి డీజిల్ వాసన, ఒక నిమిషం వణుకు. వేడెక్కాక మామూలే. బ్రేక్ పడుతోంది గానీ పెడల్ కాస్త గట్టిగా ఉందనిపిస్తోంది. సెంట్రల్ లాకింగ్ మామయ్య ఉన్నప్పటి నుంచే పనిచేయదు. ఏ డోరుకు ఆ డోరే లాక్ చేసుకోవాలి.

ఇక్కడ చూసిన మెకానిక్ డీజిల్ పంపు పోయిందన్నాడు. విప్పి క్యాలిబ్రేషన్‌కు పంపాలి, నాజిళ్ళతో (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) కలిపి నలభై వేలు అవుతుందట. ఇంకొకాయన నాజిళ్ళే కారణం, పంపు బాగానే ఉందన్నాడు. డబ్బు సంగతి అలా ఉంచితే, విప్పిన పంపు మళ్ళీ సరిగ్గా కూర్చుంటుందో లేదోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బెజవాడ_డీజిల్:

బ్రదర్, ముందు ఆ గేర్లో ఆపడం మానెయ్యండి. క్లచ్, గేర్‌బాక్స్, ఇంజిన్ మౌంటింగులు అన్నీ దెబ్బతింటాయి. బోనెట్ తీస్తే డీజిల్ పంపు పైన లింకేజీ దగ్గర స్టాప్ అని రాసిన లివర్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది.

శాశ్వతంగా కావాలంటే పాత లారీల్లో ఉన్నట్టు ఒక స్టాప్ కేబుల్ లాగించుకోండి. డాష్‌బోర్డు కింద నాబ్, అక్కడి నుంచి ఆ లివర్‌కు కేబుల్. విజయవాడ ఆటోనగర్లో గంట పని. పంపు విప్పాల్సిన అవసరమే రాదు.

జగిత్యాల_మేస్త్రి:

తమ్ముడూ, పంపు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు. నువ్వు రాసినదాంట్లోనే జవాబు ఉంది. ఇంజిన్ ఆగదు, బ్రేక్ పెడల్ గట్టిగా ఉంది, సెంట్రల్ లాకింగ్ లేదు. ఈ బండిలో ఆ మూడింటికీ ఆధారం ఒక్కటే, వాక్యూమ్, అంటే పైపుల్లో గాలి తీసేస్తే వచ్చే లాగుడు బలం.

నేను 1988లో జగిత్యాల నుంచి షార్జా పోయిన. పదహారేళ్ళు అక్కడ గ్యారేజీలో చేసిన. అప్పట్లో మా దగ్గరికి వచ్చే బండ్లలో సగం ఈ 240డి, 300డిలే. చేరిన కొత్తలో నీ బండి లాంటిదే ఒక టాక్సీ వచ్చింది, తాళం తీసినా ఆగదు. నేనూ ఇంకొక పిల్లవాడూ కలిసి పంపు దింపినం. దింపిన పంపును మళ్ళీ ఎక్కించాలంటే పిస్టన్ పై చివరకు చేరడానికి 24 డిగ్రీల ముందు డీజిల్ వదిలేలా టైమింగ్ కుదర్చాలి, ఒక్కో చుక్కా చూసుకుంటూ. రెండు రోజులు పట్టింది. ఎక్కించి తాళం తీస్తే అదే కథ, బండి ఆడుతూనే ఉంది. మా ఉస్తాద్ పెషావర్ మనిషి. ఆయన వచ్చి ఒక్క సన్న పైపు పీకి, వేలు అడ్డం పెట్టిండు. ఇంజిన్ చప్పున ఆగింది. వెనక డోరులో ఒక రబ్బరు చినిగి ఉంది, అంతే. ఆ రెండు రోజుల సంగతి నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ఉండదు కాబట్టి కరెంటు తీసేస్తే ఆగదు. డీజిల్ ఆపాలి. ఆ పనిని మెర్సిడెస్ వాళ్ళు వాక్యూమ్‌కు అప్పగించిండ్రు. ఇంజిన్ ముందు భాగంలో వాక్యూమ్ పంపు ఉంటుంది. దాని నుంచి లావు పైపు బ్రేక్ బూస్టర్‌కు, అంటే నీ కాలి బలానికి తోడిచ్చే డబ్బాకు, పోతుంది. ఆ లావు పైపు నుంచే సన్న ప్లాస్టిక్ పైపులు చీలుతాయి. గోధుమ రంగుది స్టీరింగ్ లాక్ వెనక ఉన్న చిన్న వాల్వుకు పోతుంది. అక్కడి నుంచి గోధుమ రంగు మీద నీలి గీత ఉన్న పైపు డీజిల్ పంపు వెనక కూర్చున్న షటాఫ్ డబ్బీకి వస్తుంది. తాళం తీసినప్పుడు ఆ వాల్వు తెరుచుకుంటే, వాక్యూమ్ డబ్బీలోని పొరను లాగి డీజిల్ ఆపుతుంది. డోర్ లాకులది పసుపు పైపు, దాని ట్యాంకు డిక్కీ వైపు ఉంటుంది. ఎక్కడ లీకయినా మిగతా వాటి బలం తగ్గుతుంది.

పైన సోదరుడు చెప్పిన స్టాప్ లివర్ మాట నిజం, ఇవాళ్టి నుంచే దాన్ని వాడు. కానీ కేబుల్ మాట నాకు నచ్చలేదు. కేబుల్ లాగితే ఇంజిన్ ఆగుతుంది, లీకు మాత్రం అట్లనే ఉంటుంది. అదే వాక్యూమ్ మీద నీ బ్రేకు నడుస్తోంది. ఇంజిన్ ఆగకపోవడం ఆ బండి నీకు ముందుగా చెప్పే మాట. కేబుల్ వేస్తే ఆ మాట నీకు వినపడకుండా పోతుంది.

ఇప్పుడు పని చెప్త. మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి, సెలైన్ పైపు ముక్క కొను. వాక్యూమ్ చేతి పంపు, గేజ్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఇంజిన్ ఆడుతుండగా నీలి గీత పైపును షటాఫ్ డబ్బీ దగ్గర పీకు. ముందు ఆ పైపు లోపల చూడు. ఇంజిన్ ఆయిల్ తడి కనిపిస్తే డబ్బీలోని పొర చినిగినట్టే, పంపులోని ఆయిల్‌ను పైకి పీలుస్తోంది. అప్పుడు డబ్బీ మార్చాలి. 10 ఎం.ఎం. బోల్టులు రెండు, కొత్త గ్యాస్కెట్. పొడిగా ఉంటే సిరంజిని డబ్బీకి తగిలించి లాగు. ఇంజిన్ ఆగాలి. లాగిన పిస్టన్ వదిలితే వెనక్కి లాక్కుపోవాలి. లాక్కుపోకుండా ఉన్నచోటే ఉంటే లోపల గాలి చొరబడుతున్నట్టు.

డబ్బీ మంచిదని తేలితే పసుపు పైపు చీలే చోట పీకి, వాక్యూమ్ వచ్చే వైపు కొనకు ఒక చిన్న స్క్రూ బిగించి మూసెయ్. తాళం తీసి చూడు. ఆగిందా, లీకు డోర్లలో ఉంది. ఆగలేదా, గోధుమ రంగు పైపు మొత్తం, స్టీరింగ్ వెనక వాల్వు చూడాలి. నలభై ఏళ్ళ బండిలో పైపుల కన్నా వాటిని కలిపే రబ్బరు జాయింట్లే ముందు పగులుతాయి.

బ్రేక్ కోసం వేరే పరీక్ష. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కు. గట్టిపడ్డాక కాలు అట్లనే ఉంచి స్టార్ట్ చెయ్. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి రోడ్డెక్కించకు. వాక్యూమ్ పంపు దగ్గరే గేజ్ పెట్టి చూడాలి, ఐడిలింగ్‌లో 20 అంగుళాల (పాదరసం) వాక్యూమ్‌కు పైగా రావాలి.

పొద్దున పొగ సంగతి వేరు. అది హీటర్ ప్లగ్గులు (స్టార్టుకు ముందు సిలిండర్‌ను వేడిచేసేవి), లేదా ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు). మూడేళ్ళు నిలబడ్డ బండి కాబట్టి రెండూ కావచ్చు. నీ సంవత్సరం బండిలో పెన్సిల్ లాంటి ప్లగ్గులు నాలుగు, దేని కరెంటు దానిదే. ఇంకా పాత వాటిలో ఒకదాని నుంచి ఇంకోదానికి పోయేది, ఒకటి కాలితే నాలుగూ చచ్చేవి. నీ బండిలో రెండు పోయినా మిగతా రెండింటితో లేస్తుంది, పోయిన సిలిండర్ల నుంచి కాలని డీజిల్ తెల్లపొగగా వస్తుంది. ప్లగ్గు వైరు విప్పి మల్టీమీటరు ఒక పిన్ను ప్లగ్గు కొనకు, ఇంకోటి ఇంజిన్ బ్లాకుకు పెట్టు. ఒక ఓమ్ లోపు చూపితే మంచిది, ఏమీ చూపకపోతే పోయినట్టు. అంతకన్నా ముందు ప్లగ్గులకు కరెంటు పంపే రిలే మూత తీసి లోపల 80 ఆంపియర్ల పట్టీ ఫ్యూజు చూడు. కంటికి బాగానే కనిపించి మధ్యలో సన్నగా చీలి ఉంటుంది.

డాలస్_300డి:

మేస్త్రి గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. నాది 1984 300డి టర్బో. పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంటే రాత్రిపూట డీజిల్ లైన్లోకి గాలి చేరుతోందేమో కూడా చూడండి. నాజిళ్ళ మధ్య నూలు అల్లిక ఉన్న సన్న రిటర్న్ గొట్టాలుంటాయి, 3.2 ఎం.ఎం. అవి గట్టిపడి చెమర్చడం మొదలుపెడతాయి. చివరి నాజిల్‌కు పెట్టిన మూత కూడా. ఒక మీటరు పొడవు కొత్త గొట్టం తెచ్చి అన్నీ ఒకేసారి మార్చేయండి, చాలా చవక.

చేత్తో నొక్కే ప్రైమింగ్ పంపు నాబ్ తెల్లగా ఉంటే అది పాత రకం. నాది అక్కడే కారింది. కొత్త రకం పాతదాని చోటే కూర్చుంటుంది.

గుంటూరు_240డి:

మేస్త్రి అన్నా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మీరు రాసింది ప్రింటు తీసుకుని షెడ్డులో బోనెట్ మీద పెట్టుకుని ఆదివారం పొద్దున్నుంచి చేశాను.

సిరంజి మా అత్తయ్యే ఇచ్చింది, మామయ్య క్లినిక్ బీరువాలోంచి. నీలి గీత పైపు లోపల పొడిగా ఉంది. సిరంజి లాగగానే ఇంజిన్ ఆగింది, పిస్టన్ వెనక్కి లాక్కుపోయింది. అంటే డబ్బీ బాగుంది. తర్వాత పసుపు పైపుకు స్క్రూ పెట్టి మూసి తాళం తీశాను. రెండు సెకన్లలో ఆగిపోయింది. నమ్మలేక మళ్ళీ స్టార్ట్ చేసి మళ్ళీ తీశాను. అలా ఐదుసార్లు చేశాను. ఇంట్లోంచి అత్తయ్య వచ్చి "ఏమైందిరా?" అంటే నాకు మాట రాలేదు.

డోరు డోరుకూ చూసుకుంటూ వెళితే ఎడమవైపు వెనక డోరు దొరికింది. లోపలి అట్ట విప్పి చూస్తే లాకు దగ్గరున్న డబ్బీ పొర నిలువునా చీలి ఉంది. స్క్రూ పెట్టాక బ్రేక్ పెడల్ కూడా మెత్తబడింది. మీరు చెప్పిన పరీక్షలో పెడల్ కిందికి దిగింది.

ప్లగ్గుల్లో 2, 4 పోయాయి. ఫ్యూజు బాగుంది. నాలుగూ కొత్తవి వేశాను, రిటర్న్ గొట్టాలు కూడా మార్చాను. ఇప్పుడు ఐదారు సెకన్లకే లేస్తోంది, పొగ చాలా తగ్గింది. కానీ మొదటి అర నిమిషం ఇంకా వణుకుతోంది. ట్యాపెట్లు ఎలా చూడాలి? వాటి పైన ఉండే కవర్ గ్యాస్కెట్ ఇక్కడ దొరుకుతుందా?

జగిత్యాల_మేస్త్రి:

శభాష్ తమ్ముడూ. నలభై వేలు మిగిలినయి, అంతకన్నా పంపు మిగిలింది.

ట్యాపెట్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. రాత్రంతా ఆపి పొద్దున చెయ్. ఇన్‌టేక్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 ఎం.ఎం. ఏ వాల్వు ఏదో పైపులు చూసి ముందే సుద్దతో గుర్తు పెట్టుకో. ఇంజిన్‌ను కింద క్రాంక్ బోల్టుకు 27 సాకెట్ పెట్టి గడియారం తిరిగే దిక్కుకే తిప్పు. కామ్ షాఫ్ట్ బోల్టు పట్టుకుని వెనక్కి తిప్పకు. కామ్ మొన రాకర్‌కు దూరంగా పైకి ఉన్నప్పుడు ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూడు. 14 స్పానర్లు కావాలి. మామూలువి సరిగ్గా చొరవు, వంచినవి ఉంటే సులువు. లాక్ నట్ బిగించాక మళ్ళీ ఫీలర్ పెట్టి చూడాలి, బిగించేటప్పుడే ఆ సందు మారిపోతుంది. ఈ ఇంజిన్లో ఎగ్జాస్ట్ వాల్వులు వాడేకొద్దీ బిగుసుకుపోతాయి. చప్పుడు రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కంప్రెషన్ తగ్గుతుంది, చలి స్టార్టు కష్టమవుతుంది.

సామాను గురించి భయపడకు. నీ ఇంజిన్ ఓఎం616. దాన్నే బజాజ్ టెంపో, ఇప్పటి ఫోర్స్ కంపెనీ, లైసెన్సు తీసుకుని మన దేశంలో తయారుచేసింది. ట్రాక్స్ బండ్లలో వేసిండ్రు. ట్రాక్స్ సామాను అమ్మే షాపులో అడుగు. కానీ పేరు చెప్పి కొనకు, పాతది చేతిలో పట్టుకుపోయి పక్కన పెట్టి చూసి కొను. అన్నీ ఒకటి కావు.

గుంటూరు_240డి:

ట్యాపెట్లు అయిపోయాయి. మీరన్నట్టే మూడు ఎగ్జాస్టుల్లో 0.30 దూరనే లేదు, ఒకదాంట్లో 0.15 కూడా కష్టంగా వెళ్ళింది. మొదటిసారి కాబట్టి నాకు నాలుగు గంటలు పట్టింది. కవర్ గ్యాస్కెట్ ట్రాక్స్ షాపులో పాతదాని మీద పెట్టి చూసి తెచ్చాను, సరిపోయింది. ఇవాళ పొద్దున లేవగానే వణుకు లేదు. అత్తయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అమరావతి రోడ్డులో వెళ్ళొచ్చాం. ఆవిడ దారంతా ఏమీ మాట్లాడలేదు, డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

చివరిగా ఒక్క ప్రశ్న. డోరు డబ్బీ తెప్పించడానికి నెల పడుతుందంటున్నారు. అప్పటిదాకా పసుపు పైపు మొత్తం మూసి ఉంచాలా, లేక ఆ ఒక్క డోరు మూసి మిగతా మూడూ వాడుకోవచ్చా?

జగిత్యాల_మేస్త్రి:

ఆ ఒక్క డోరే మూసుకోవచ్చు. ఆ డబ్బీకి రెండు పైపులు వస్తాయి, లాకు పడటానికి ఒకటి, తీయడానికి ఒకటి. రెండూ మూసెయ్. ఒకటే మూస్తే రెండో దారిలో మళ్ళీ లీకు. స్క్రూలు పెట్టినంక రాత్రి బండి లాక్ చేసి, పొద్దున స్టార్ట్ చేయకముందే డ్రైవర్ డోరు తాళం తిప్పి చూడు. మిగతా డోర్లు తెరుచుకుంటే డిక్కీ ట్యాంకులో వాక్యూమ్ రాత్రంతా నిలిచినట్టే. తెరుచుకోకపోతే ఇంకో డోరులో కూడా ఉంది, మళ్ళీ రాయి.