పేదరికాన్నీ మానవ హక్కులనూ కలిపి అంచనా వేయడం ఎలా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని)

అభివృద్ధి చెందుతున్న ఒక దేశంలో పేదరికం, మానవ హక్కుల స్థితిగతులపై పరిశోధన పత్రం రాస్తున్నాను. ప్రపంచ బ్యాంకు దారిద్ర్య రేఖ ప్రకారం అక్కడ ఎంతమంది పేదలున్నారో, బహుముఖ పేదరిక సూచీలో ఆ దేశం ఎక్కడ నిలిచిందో మొదటి అధ్యాయంలో చెప్పాను. ఆ దేశం ఆమోదించిన అంతర్జాతీయ ఒడంబడికలు, అక్రమ నిర్బంధాలు, పత్రికలపై ఆంక్షలు రెండో అధ్యాయంలో వచ్చాయి. మా గైడు గారు చదివి, ఇవి ఒకే అట్టలో కుట్టిన రెండు వేర్వేరు పుస్తకాల్లా ఉన్నాయన్నారు. ఆ మాట నిజమేనని రాస్తున్నప్పుడే నాకూ అనిపించింది. ఒక కుటుంబానికి ఆదాయం చాలకపోవడాన్ని దురవస్థ అనడంలో సందేహం లేదు. దాన్ని హక్కుల ఉల్లంఘన అని ఎప్పుడు అనవచ్చు? అలా అనడానికి ఎటువంటి ఆధారాలు చూపాలి? ఈ రెండిటినీ కలిపి ఒకే అంకెగా చూపితే సరిపోతుందా?

సమాధానం (సర్వేల విశ్లేషకుడు)

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఒకే అంకె వద్దు. పేదరికాన్ని మాత్రమే కొలిచే అంకెలకే ఎన్ని పరిమితులున్నాయో చూస్తే, వాటిలో హక్కులను కూడా కలపాలన్న ఆలోచన మీరే విరమించుకుంటారు.

ప్రపంచ బ్యాంకు వారి అంతర్జాతీయ దారిద్ర్య రేఖ 2008లో మనిషికి రోజుకు 1.25 డాలర్లు. అది 2015లో 1.90కి, 2022లో 2.15కి, 2025 జూన్‌లో 3 డాలర్లకు మారింది. ఇవి బ్యాంకులో మార్చుకునే డాలర్లు కావు. ఒక్కో దేశంలో ధరల స్థాయిని బట్టి కొనుగోలు శక్తిని సమానం చేసి లెక్కించినవి. కొత్త ధరల సమాచారం, పేద దేశాలు తమకు తాము గీసుకున్న రేఖలు మారడం వల్ల ఈ సవరణలు జరుగుతాయి. చివరి సవరణ జరిగిన రోజున ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు తగ్గలేదు, కానీ లెక్కలో కోట్లాది మంది కొత్తగా నిరుపేదలయ్యారు. కాబట్టి ఏ సంవత్సరపు రేఖను వాడారో చెప్పకుండా పేదల శాతం రాస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. పాత రేఖతో ఒక ఏడాదినీ కొత్త రేఖతో ఇంకో ఏడాదినీ పోల్చడం అంతకన్నా పెద్ద తప్పు.

2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి ప్రవేశపెట్టిన బహుముఖ పేదరిక సూచీ మీ పనికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం అనే మూడు పార్శ్వాల్లో పది సూచికలుంటాయి. ఆరోగ్యంలో రెండిటికీ చదువులో రెండిటికీ ఒక్కోదానికి ఆరో వంతు బరువు, జీవన ప్రమాణంలోని ఆరిటికి ఒక్కోదానికి పద్దెనిమిదో వంతు బరువు ఇస్తారు. లోటుల మొత్తం మూడో వంతుకు చేరితే ఆ ఇంటివారంతా పేదలే. ఒక ఇంట్లో బడి ఈడు పిల్ల బడికి పోకుండా, మరొకరికి పోషకాహారం లోపిస్తే రెండు ఆరో వంతులు కలిసి సరిగ్గా ఆ గీత దగ్గరికి వస్తాయి.

మీ రెండు అధ్యాయాల మధ్య అతుకు ఇక్కడే పడుతుంది. ఆ పిల్ల బడికి ఎందుకు పోలేదు? ఫీజు కట్టలేక కావచ్చు. జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోయి ఉండవచ్చు. చక్రాల కుర్చీ మెట్లెక్కలేక ఆగిపోయి ఉండవచ్చు. ఆడపిల్లకు చదువెందుకని ఇంట్లోవాళ్లే ఆపి ఉండవచ్చు. సూచీకి ఈ నాలుగూ ఒకటే, నాలుగిటికీ ఆరో వంతే పడుతుంది. హక్కుల దృష్టితో చూస్తే మాత్రం కారణం మారిన ప్రతిసారీ జవాబు చెప్పవలసిన వారూ, సరిదిద్దవలసిన పద్ధతీ మారిపోతాయి. సూచీ లోటు ఎక్కడుందో చూపిస్తుంది; ఆ లోటును పట్టుకుని వెనక్కి నడవడం మీ రెండో అధ్యాయం పని.

ఇంకొక్క హెచ్చరిక. కుటుంబ సర్వేల్లో నేను చాలాకాలం పనిచేశాను. మేము తలుపు తట్టాలంటే ముందు తలుపు ఉండాలి. ఫుట్‌పాత్‌లపై నిద్రించేవారు, సంచార జాతులవారు, జైళ్లలో, అనాథాశ్రమాల్లో ఉన్నవారు సాధారణంగా ఈ నమూనాల్లోకి రారు. ఇంటి సభ్యులందరినీ ఒకే గాటన కట్టడం వల్ల ఆ ఇంట్లో చివరగా తినే ముసలామె పరిస్థితి కూడా బయటపడదు. హక్కులకు అందరికంటే ఎక్కువ భంగం కలిగేది తరచుగా వీరికే కాబట్టి, సర్వేలో ఎవరు లేరో మీ పత్రంలో విడిగా రాయండి.

సమాధానం (న్యాయశాస్త్ర అధ్యాపకురాలు)

లోటు ఉల్లంఘనగా ఎప్పుడు మారుతుందన్న ప్రశ్నకు చట్టంలో ఆధారం ఉంది. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 1966లో ఆమోదించింది; 1976లో అది అమల్లోకి వచ్చింది. అందుబాటులో ఉన్న వనరులను గరిష్ఠంగా వినియోగిస్తూ ఈ హక్కులను క్రమంగా సాధించాలని దాని రెండో అధికరణ చెబుతుంది. ‘క్రమంగా’ అన్న మాట చాటున దాక్కునే ప్రభుత్వాలు చాలా ఉన్నాయి. అందుకే 1990లో ఈ ఒడంబడిక అమలును పర్యవేక్షించే ఐక్యరాజ్య సమితి సంఘం ఒక వ్యాఖ్యానం వెలువరించింది. చెప్పుకోదగ్గ సంఖ్యలో ప్రజలకు అత్యవసరమైన ఆహారం, ప్రాథమిక వైద్యం, కనీస నివాసం, ప్రాథమిక విద్య అందకపోతే ఆ దేశం తన బాధ్యతను నెరవేర్చడం లేదనే ప్రాథమికంగా భావించాలని, వనరుల కొరతే కారణమైతే అన్ని ప్రయత్నాలూ చేశామని నిరూపించుకోవలసిన భారం ప్రభుత్వానిదేనని అందులో స్పష్టం చేసింది. వివక్ష విషయంలో క్రమంగా అన్న వెసులుబాటు అసలు లేదు. జనన ధ్రువపత్రం లేదని పిల్లను తిప్పి పంపడం, పైన విశ్లేషకుడు గారు ఇచ్చిన ఉదాహరణల్లో, ఈ రోజే ప్రశ్నించగల విషయం.

ఆధారాలను మూడు చోట్ల వెతకండి. హక్కు చట్టంలో ఉందా, దాన్ని అమలు చేసే యంత్రాంగం నిజంగా పనిచేస్తోందా, చివరికి మనుషుల జీవితంలో ఏం మారింది అన్నవి మూడూ వేర్వేరు ప్రశ్నలు. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2012లో ప్రచురించిన సూచికల మార్గదర్శిని ఈ మూడింటినీ విడదీసే చూస్తుంది. చాలామంది విద్యార్థులు మొదటిదాన్ని రాసి, మూడోదాని అంకె ఒకటి తగిలించి, మధ్యదాన్ని వదిలేస్తారు. అసలు కథ మధ్యలోనే ఉంటుంది.

ఈ మూడూ ఎంత దూరంగా ఉండగలవో దక్షిణాఫ్రికాలోని గ్రూట్‌బూమ్ కేసు చూపిస్తుంది. అక్కడి 1996 రాజ్యాంగం గృహవసతిని హక్కుగా గుర్తించింది. ఖాళీ చేయించగా నిలువ నీడ లేక క్రీడా మైదానంలో తలదాచుకున్న కుటుంబాల తరఫున ఐరీన్ గ్రూట్‌బూమ్ కోర్టుకెక్కారు. తక్షణం ఏ ఆశ్రయమూ లేనివారిని పట్టించుకోని గృహనిర్మాణ పథకం సహేతుకం కాదని 2000లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ప్రపంచమంతా న్యాయ కళాశాలల్లో ఈ తీర్పును పాఠంగా చెబుతారు. ఆవిడ మాత్రం సొంత ఇల్లు చూడకుండానే 2008లో కన్నుమూశారు. చట్టాలను మాత్రమే లెక్కించే అంచనాలో ఆ దేశానికి పూర్తి మార్కులు పడతాయి.

సమాధానం (విలేకరి)

పై ఇద్దరూ చెప్పినదానితో నాకు పేచీ లేదు, కానీ మీరు రెండో అధ్యాయంలో రాసిన నిర్బంధాలను, పత్రికలపై ఆంక్షలను పక్కకు నెట్టేయకండి. పత్రికా స్వేచ్ఛ, ఎన్నికలు సక్రమంగా ఉన్న దేశాల్లో పెద్ద కరువుచావులు సంభవించలేదని అమర్త్యసేన్ ఎప్పుడో వాదించారు. ఆకలి వార్త రాసినవాడిని జైల్లో పెట్టే చోట పేదరికం లెక్కలను కూడా అనుమానంతోనే చదవాలి. సర్వేకు వచ్చినవారిని చూసి ప్రభుత్వ మనుషులనుకుని భయపడే కుటుంబం ఏం జవాబు చెబుతుంది?

పేదలనే అడగడం కూడా ఒక పద్ధతి. ఏటీడీ ఫోర్త్ వరల్డ్ అనే సంస్థ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి ఆరు దేశాల్లో పేదరికం అనుభవించినవారినే సహ పరిశోధకులుగా తీసుకుని చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆదాయం, పని లేకపోవడంతో పాటు, సంస్థలూ సమాజమూ తమను చిన్నచూపు చూడటాన్ని కూడా వారు పేదరికంలో భాగంగానే పేర్కొన్నారు. ఆఫీసు కిటికీ దగ్గర ఎదురయ్యే ఛీత్కారానికి పది సూచికల్లో చోటు లేదు. అయితే ఒక జాగ్రత్త: మీతో మాట్లాడినవారికి ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాకుండా చూడలేనప్పుడు, మాట్లాడించకపోవడమే మేలు.

ప్రశ్నించినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. బడి ఉదాహరణను పట్టుకుని రెండు అధ్యాయాలనూ తిరగరాయడం మొదలుపెట్టాను. ఒక్క దగ్గర ఆగిపోయాను. మా వద్ద డబ్బు లేదని ప్రభుత్వం అంటే, ఆ మాట నిజమో కాదో నాలాంటి విద్యార్థి ఎలా తేల్చగలదు?

సమాధానం (న్యాయశాస్త్ర అధ్యాపకురాలు)

పూర్తిగా తేల్చలేరు, కానీ ఆ మాటను పరీక్షించగలరు. ముందుగా బడ్జెట్‌లో ప్రాథమిక విద్యకు కేటాయించిన మొత్తాన్నీ ఏడాది చివర ఆడిట్ నివేదికలో ఖర్చయినట్టు చూపిన మొత్తాన్నీ పక్కపక్కన పెట్టండి. కేటాయించిన డబ్బే ఖర్చుకాకుండా మిగిలిపోతే, లేదన్న వాదన అక్కడే వీగిపోతుంది. ఖర్చయితే, అది ఏ ప్రాంతాలకు, ఏ వర్గాల బడులకు వెళ్లిందో చూడండి. ఆ తర్వాత పన్నుల వైపు తిరగండి: జాతీయాదాయంలో పన్నుల వాటా ఎంత, మినహాయింపులు ఎవరికి ఇస్తున్నారు? అప్పుల వడ్డీలకు పోతున్నదెంతో కూడా రాయాలి. ఎందుకంటే ఒడంబడిక రెండో అధికరణలోనే అంతర్జాతీయ సహాయ సహకారాల ప్రస్తావన ఉంది; అంటే వనరుల బాధ్యత ఆ ఒక్క దేశానిదే కాదు. కొన్ని దేశాల్లో డబ్బు నిజంగానే ఉండదు. అటువంటప్పుడు ఉన్న కొద్దిపాటి డబ్బు ముందుగా ఎవరికి చేరిందో రాయండి, లేదన్న మాటను లేదన్నట్టే నమోదు చేయండి. దాచిపెట్టిన ఆడిట్ నివేదికలు, ప్రచురించని సర్వేలు కనిపిస్తే వాటి సంగతి విలేకరి గారు చెప్పిన భాగంలోకి వెళ్తుంది.