చెయ్యి వదిలేస్తున్న డిఫెన్స్‌ను కలపడం ఎలా? కబడ్డీ తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌ని. ఫిట్‌నెస్‌లో మా కుర్రాళ్లకు వంక పెట్టలేం. తంటా అంతా మనసులతోనే.

మొన్న ఆఖరి రెండు నిమిషాలు, ఒక్క పాయింట్ ఆధిక్యం. అవతలివాళ్లది డూ ఆర్ డై రైడ్. 30 సెకన్లు ఓపిక పడితే పాయింట్ రాక రైడర్ తనంతట తానే ఔటవుతాడు. మా రైట్ కార్నర్ (కుడి చివరి డిఫెండర్) ఆగలేక రైడర్ కాలు పట్టేశాడు. ఆ కార్నర్ చెయ్యి పట్టుకుని ఉండాల్సిన కవర్ (లోపలి వైపు డిఫెండర్) అప్పటికే వదిలేసి వెనక్కి జరిగాడు. రైడర్ విదిలించుకుని గీత దాటేశాడు, స్కోరు సమం. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బస్సులో హర్యానా వాళ్లు వెనక, మనవాళ్లు ముందు, తమిళ కుర్రాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా.

రోజూ 10 నిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టించాను. సగం మంది గురక (నిజం చెప్పొద్దూ, ఒకరోజు నేనూ).

2011 ప్రపంచకప్ క్రికెట్ జట్టుతో, 2024 పారిస్‌లో కాంస్యం గెలిచిన హాకీ జట్టుతో మెంటల్ కోచ్ ప్యాడీ ఆప్టన్ పనిచేశారు. అంత స్తోమత మాకు లేదు.

తప్పు చేసినవాడిని అందరి ముందూ మాట్లాడించాలా, విడిగానా? భాష కలవని కుర్రాళ్ల మధ్య నమ్మకం పెంచే డ్రిల్స్ ఏమైనా మీరు స్వయంగా చేయించారా? తెలుగు, హిందీ రెండూ వచ్చిన స్పోర్ట్స్ సైకాలజిస్టును వెతకాలంటే ఎక్కడ అడగాలి? సీజన్ ఇంకా ఐదు వారాలుంది.