బడి దగ్గర పీజోమీటర్‌లో నీళ్లు ఉన్నాయి, మా బోరులో లేవు. ఎందుకని?

సీమ_రైతుబిడ్డ:
మాది అనంతపురం జిల్లా. ఊళ్లో బడి పక్కన తాళం వేసిన ఇనప మూత పైపు ఒకటుంది, భూగర్భ జల శాఖ వాళ్లు నీటి మట్టం చూసే పీజోమీటర్ అంట. అందులో నీళ్లు 14 మీటర్లలో ఉన్నాయని సచివాలయంలో చెప్పారు. మా చేలో 450 అడుగుల బోరేమో గంట తిరిగేసరికి గాలి కక్కుతోంది. నాన్న ఇంకో బోరుకి అప్పు కోసం తిరుగుతున్నాడు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ లెక్క నమ్మి బోరు వేయించొచ్చా?

రాతినేల:
ఆ ఒక్క అంకె చూసి అయితే వద్దు తమ్ముడూ. లెక్క తప్పు కాదు, అది చెప్పేది వేరే సంగతి. పీజోమీటర్‌కి మోటారు ఉండదు, దాంట్లోంచి ఎవరూ నీళ్లు తోడరు, నేల మీద నుంచి ఎంత లోతులో నీళ్లు నిలిచాయో అంతవరకే అది చూపిస్తుంది. బోరు ఎంతసేపు పోస్తుందన్నది ఊటని బట్టి. మన గ్రానైట్ నేలల్లో పైన మెత్తబడిన రాతిపొరలోనూ, కింద పగుళ్లలోనూ తప్ప నీళ్లుండవు. మీ బోరుకి ఆ పగులు తగలకపోతే పక్క చేలో నీళ్లున్నా మీకు రావు.

శాఖ వాళ్లని నాలుగైదేళ్ల మే, నవంబర్ లెక్కలు అడగండి. మే అంటే వానలకు ముందు, నవంబర్ అంటే వానల తర్వాత. అంకె పెరిగిందంటే నీళ్లు కిందికి పోయాయని అర్థం, చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. మంచి వానలు పడిన ఏడు కూడా నవంబర్‌లో మట్టం పైకి రాలేదంటే, ఇంకే దాని కన్నా తోడేదే ఎక్కువన్నమాట. అలాంటి చోట కొత్త బోరు వేస్తే పక్కవాళ్ల నీళ్లు లాగడమే అవుతుంది.

జలలెక్క:
మీ మండలం ఏ కేటగిరీలో ఉందో కూడా చూడండి. ఏటా ఇంకే నీటిలో 70 శాతం లోపు తోడితే సురక్షితం, 100 దాటితే మితిమీరి తోడుతున్నట్టు. 2022 నుంచి కేంద్ర భూగర్భ జల బోర్డు రాష్ట్రాలతో కలిసి ఏటా ఈ లెక్క తీస్తోంది. కాకపోతే అది మండలం మొత్తానికి, మీ చేనుకి కాదు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకి అనుమతి అడిగేటప్పుడు జియాలజిస్టు సర్వే అయ్యాకే అప్పు సంగతి ఆలోచించండి.

పాత_అనంత:
మన జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని ఒక పథకం నడిచింది, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో. రైతులే తమ బోర్లలో మట్టం కొలిచి, వాన కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లకి ఏ పంట సరిపోతుందో లెక్క వేసుకునేవాళ్లు. అది మళ్లీ ఊరూరా రావాలని నా కోరిక. మీరైనా మొదలుపెట్టండి. మోటారు ఆపి, నీళ్లు మళ్లీ కుదురుకున్నాక కేసింగ్ (బోరు గోడకి దించిన పైపు)కీ మోటారు పైపుకీ మధ్య సందులోంచి వాటర్ లెవల్ టేపు దించాలి, నీళ్లు తగలగానే అది కూత పెడుతుంది. ప్రతి నెలా అదే తేదీన, అదే బోరులో కొలిచి రాసుకోండి.