నాన్నని ట్రయల్‌లో చేర్చమంటున్నారు, ఏం చేయమంటారు?

నాన్నకి 61 ఏళ్లు, ఒంగోలులో కిరాణా కొట్టు. నోటి కేన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక మెడలో మళ్లీ గడ్డ తేలింది. హైదరాబాదులో డాక్టరుగారు కొత్త మందుని పరీక్షించే ట్రయల్ ఒకటి నడుస్తోంది, చేరతారా అంటూ 14 పేజీల తెలుగు కాగితాలిచ్చారు. నాన్న కళ్లజోడు పెట్టుకుని చదువుతూ ఒకచోట ఆగి, "ఒరేయ్, నామినీ పేరు రాయమంటున్నారు, ఇదేమన్నా ఎల్‌ఐసీ పాలసీనా?" అన్నారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి "ఆయన మీద ప్రయోగాలొద్దు" అనే ఒకటే మాట. పైగా కొత్త మందా, పాత మందా అన్నది కంప్యూటర్ తేలుస్తుందట. మంగళవారంలోపు చెప్పాలి. చేరినవాళ్లెవరైనా ఉన్నారా?

గుంటూరు అక్క:
నేను చేరాను తమ్ముడూ, రొమ్ము కేన్సర్‌కి. లాటరీలో పాత మందే పడింది. ఆ రోజు బస్సులో ఊరొచ్చేదాకా ఏడ్చాను. తర్వాత అర్థమైంది, చేరకపోయినా నాకు ఎక్కించేది ఆ మందే. రక్తపరీక్షలకి మాటిమాటికీ తిరగడం విసుగే. చార్జీలు ఇస్తామన్నారు, నాలుగు నెలలకి గానీ చేతికి రాలేదు. కానీ కోఆర్డినేటర్ అమ్మాయి వారం వారం ఫోన్ చేసి జ్వరమొచ్చిందా, తింటున్నారా అని అడిగేది.

ట్రయల్స్‌లో పనిచేసేవాణ్ణి:
నామినీ గడి చూసి జడిసేవాళ్లు రోజుకొకరు కనిపిస్తారు. 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారమూ ఇవ్వాలి. ప్రాణమే పోతే ఆ డబ్బు ఎవరికివ్వాలో రాయించడానికే ఆ గడి. నచ్చకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆపకూడదు. ఎన్నో ఫేజో అడగండి. ఫేజ్ 1 అయితే ఎంత డోసు తట్టుకుంటారో చూసేదే ప్రధానం. దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టరుంది, సీటీఆర్‌ఐ అంటారు. అందులో దీని నంబరు తీసుకుని వాళ్ల సైట్లో మీరే వెతుక్కోండి.

ట్రయల్ వల్ల మేలు తేలిందీ ఒకటి చెప్తాను. ముంబైలోని టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రిలో ముదిరిన నోటి, గొంతు కేన్సర్లున్న 151 మంది ఒక ట్రయల్‌లో చేరారు. సగంమందికి మాత్రలే, మిగతా సగానికి వాటికి తోడు నివోలుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే కేన్సర్ మీదకి ఉసిగొల్పే మందు) ఇచ్చారు, అదీ మామూలు డోసులో పదోవంతు కూడా కాకుండా, మూడు వారాలకి 20 మిల్లీగ్రాములే. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మాత్రలే వాడినవాళ్లలో నూటికి 16 మంది, నివోలుమాబ్ కూడా తీసుకున్నవాళ్లలో 43 మంది. 2022లో వచ్చిన ఫలితమిది.

కాకినాడ బాబాయ్:
ఇవన్నీ సరే బాబూ. మీ నాన్నగారేమంటున్నారు? ఒళ్లు ఆయనది.

అడిగినవాణ్ణి:
ఫేజ్ 3 అట, అంటే కొత్త మందుని పాత మందుతో పోల్చిచూసే దశ. నంబరు సైట్లో దొరికింది. నాన్న రాత్రి నామినీ గడిలో అమ్మ పేరు రాసేశారు. సంతకం ఇంకా పెట్టలేదు. మంగళవారం తనూ వస్తానంటోంది అమ్మ, డాక్టరుగారిని తనే అడుగుతుందట.